నేను పోయని గడ్డ

నిన్న మనవరాలు వంటింట్లో చైనా గ్రాస్ మరిగిస్తుంటే ఆ నాచు వాసన మెట్లెక్కి నా గదిదాకా వచ్చింది. పిల్లకు అది పుడ్డింగు. నాకు మాత్రం డాక్టర్ నిర్మల గుర్తొచ్చింది.

ఇంగ్లండులో, లీడ్స్‌లో మా పక్కింట్లో ఉండేది. గుంటూరు పిల్ల, నాకంటే పాతికేళ్లు చిన్న. ఆస్పత్రిలో రొమ్ము స్కానింగులు చూసేది. స్కాన్ చేస్తూ మెల్లగా నొక్కితే మెత్తని కండ నలుగుతుంది, గట్టి గడ్డ నలగదు. ఆ తేడాను తెర మీద బొమ్మగా చూపించే కొత్త పద్ధతి మీద వాళ్లు పనిచేస్తుండేవారు. యంత్రాన్ని పరీక్షించడానికి రొమ్మంత మెత్తని దిమ్మలు కావాలట. ఒక శనివారం జెలటిన్ పొట్లంతో మా గుమ్మంలో నిలబడింది.

"పెద్ద గిన్నె ఇస్తారా ఆంటీ? నాది మాడిపోయింది."

"మాడబెట్టి గ్యాసు కూడా తగలేశావన్నమాట. అయినా అది ఎముకల పొడి కదమ్మాయ్, నా గిన్నెలో పడనివ్వను. చైనా గ్రాస్ పట్రా, అదీ అలాగే గడ్డకడుతుంది, నేనే కాచి పెడతాను."

మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు సైన్సేం తెలుసు? పాకం తెలుసు. గాలి బుడగలుంటే బొమ్మ చెడుతుందని చెప్పింది. కాస్త చల్లారనిచ్చి, గరిటె వీపు మీదుగా సన్నని ధారగా పోశాను. ఒక్క బుడగ లేదు. "మా ల్యాబులో ఎవరికీ ఇలా రాదు" అంది. పొగడ్తకు పొంగే మనిషిని కాను, అయినా ఆ రోజు రెండో కప్పు కాఫీ కూడా ఇచ్చాను.

గడ్డలకు బదులు ఉడికించిన శనగలు పెట్టేవాళ్లం. "శనగ ఎవరికైనా కనబడుతుంది. ఇదే చైనా గ్రాస్‌ను చిక్కగా కాచి ఉండ చేసి పెడితే?" అన్నాను. అలాగే చేసి, నిర్మల నన్ను కూడా యంత్రం దగ్గరికి తీసుకెళ్లింది. మామూలు బొమ్మలో దిమ్మంతా ఒకటే బూడిదరంగు. ఏమీ లేదు. స్కాన్ పిడితో మెల్లగా నొక్కింది. పక్క బొమ్మలో నా ఉండ నల్లగా, గుండ్రంగా తేలింది.

"చేత్తో తడిమితే తెలియదా?"

"లోతుగా ఉంటే కష్టం. తెలిసినా చాలామంది చెప్పరు ఆంటీ."

ఆమె తెరవైపే చూస్తోంది. ఎడమ రొమ్ములో శనగంత గట్టిదనం నా చేతికి తగిలి అప్పటికి నాలుగు నెలలు. మా అమ్మాయిది కొత్త ఉద్యోగం, వారానికో షిఫ్టు. నేను మంచాన పడితే పసిదైన మనవరాల్ని ఎవరు చూస్తారు? అదే పోతుందిలే అనుకుంటూ జాకెట్టు హుక్కులు పెట్టుకునేదాన్ని.

తర్వాతి శనివారం గిన్నె పొయ్యి మీద ఉంది. కలుపుతూనే అన్నాను.

"ఇంకొకటి ఉందమ్మాయ్. అది నేను పోసింది కాదు."

నిర్మల నా ముఖంలోకి చూసింది. చెయ్యి చాపి పొయ్యి ఆర్పేసింది.

"అయ్యో, సగమే కాగింది, పాడైపోతుంది!"

"పాడవనీండి. కూర్చోండి. ఎన్నాళ్ల నుంచి?"

చెప్పాను. ఏం కాదని అనలేదు, భయపెట్టనూ లేదు. "అదేమిటో నాకు తెలియదు. సోమవారం మీ జీపీ డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్దాం" అంది.

ఆస్పత్రిలో మామూలు స్కానుతోపాటు, నన్ను అడిగి, కొత్త పద్ధతిలోనూ చూశారు. అదే నల్లని గుండ్రం. "దీన్ని నమ్మి చెప్పే రోజు ఇంకా రాలేదు ఆంటీ, సూదితో ముక్క తీసి చూడాల్సిందే" అంది నిర్మల. క్యాన్సరే. చిన్నది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చారు. మా అమ్మాయి నన్ను నాలుగు తిట్టి, సెలవు పెట్టింది. కొంపలేమీ మునగలేదు.

ఇది పన్నెండేళ్ల కిందటి మాట. నిర్మల ఇప్పుడు ఎడిన్‌బర్గ్‌లో ఉంది. బొమ్మలు మునుపటికన్నా స్పష్టంగా వస్తున్నాయని ఫోన్‌లో చెబుతుంది, గొప్పలు మాత్రం చెప్పదు.

ఆ రోజు సగం కాగిన గిన్నె నా జన్మలో నేను పారబోసిన మొదటి గిన్నె. ఈనాటికీ మెతుకు వృథా పోనివ్వను. కానీ మా వంటింట్లో ఏ ఆడపిల్లైనా మాట మధ్యలో ఆగి, "ఏం లేదులెండి ఆంటీ" అందా, పొయ్యి మీద ఏమున్నా సరే, ఆర్పేసి ఎదురుగా కూర్చుంటాను.