పడవ ముక్కు దించిన రెక్క

2008లో నన్ను చిక్కబళ్ళాపురం జిల్లాలో ఒక రెస్క్యూ యూనిట్‌కు స్టేషన్ ఆఫీసర్ హోదాలో ఇన్‌ఛార్జిగా వేశారు. కోలారు నుంచి విడిపోయిన ఆ జిల్లా అప్పటికింకా కొత్తది. అగ్నిమాపక ఉద్యోగంలో నా అనుభవమంతా నిప్పుతోనే: గడ్డివాములు, చింతామణి మండీలో గోనెసంచులు, హైవే మీద బోల్తాపడ్డ లారీలు. అలాంటివాడికి ఒక పడవ అప్పగించారు. యూనిట్ ఉన్నది బాగేపల్లి వైపు. అక్కడి చెరువుల్లో నీళ్లు నిలిచిన రోజుల కంటే మేకలు మేసిన రోజులే ఎక్కువ. పడవను లారీ మీంచి దించుతుంటే ఎదురుగా ఉన్న టీ అంగడాయన వచ్చి, "దీనికి నీళ్లు యాడినుంచి తెస్తారు సార్?" అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

అది అల్యూమినియం పడవ. ఆరుగురు ఎక్కవచ్చని చెప్పి ఇచ్చారు. వెనక చెక్కకు ఔట్‌బోర్డ్ మోటరు తగిలిస్తాం. అంటే ఇంజను, ప్రొపెల్లరు అన్నీ ఒకటిగా పడవ బయట వేలాడుతుంటాయి. నడిపేవాడు వెనకే కూర్చుని మోటరు పిడి పట్టుకుని దాన్నే చుక్కానిలా తిప్పుతాడు. మా పడవ నడిపేది లీడింగ్ ఫైర్‌మన్ వెంకటరాయప్ప. ఫైర్‌మన్‌కు పైన, నాకు కింద ఉండే హోదా అది. మనిషి నిదానం, ఒళ్లు భారీ. చిత్రావతి నది నీళ్లలో మొదటిసారి వేగం పెంచగానే పడవ వెనక భాగం కూరుకుపోయి ముక్కు పైకి లేచింది. వెంకటరాయప్పకు మబ్బులు తప్ప ఏమీ కనబడలేదు. ముగ్గురెక్కితేనే ఇలా ఉంటే, ఇంకో ఇద్దరిని ఎక్కిస్తే వెనక చెక్క మీంచి నీళ్లు లోపలికి రావడం ఖాయం. మనుషుల్ని కాపాడడానికి వచ్చిన పడవకు, కాపాడినవాళ్లను ఎక్కించుకునే సత్తా లేదన్నమాట.

ముక్కు వైపు ఇసుక మూటలు వేయమని పైనుంచి సలహా వచ్చింది. వేశాం. ముక్కు దిగింది గాని, మనుషులు కూర్చోవాల్సిన చోట ఇసుక కూర్చుంది. తర్వాత బెంగళూరులో పడవ సామాను అమ్మే ఒకాయన హైడ్రోఫాయిల్ స్టెబిలైజర్ అనే వస్తువు గురించి చెబితే తెప్పించాం. నల్లటి ప్లాస్టిక్ వస్తువు, గద్ద రెక్కలు చాచినట్టు ఉంటుంది. మావాళ్లు దానికి రెక్క అని పేరు పెట్టేశారు. ప్రొపెల్లరుకు సరిగ్గా పైన, మోటరుకు అడ్డంగా ఒక లోహపు పలక ఉంటుంది. పైనున్న గాలి ప్రొపెల్లరులోకి దిగకుండా అది ఆపుతుంది. రెక్కను ఆ పలకకే బిగించాలి. పడవ వేగం అందుకోగానే నీళ్లు రెక్కను పైకి నెడతాయి, వెనక భాగం లేస్తుంది, ముక్కు దానంతటదే దిగుతుంది.

వినడానికి సులువే. కాని పలకకు నాలుగు రంధ్రాలు వేయాలి. అది సర్కారు మోటరు. మేలధికారి ఫోన్‌లో అనుమతి ఇస్తూనే, పాడైతే బాధ్యత నాదేనని కూడా చెప్పారు. పని డ్రైవర్ మెకానిక్ గంగులప్ప చేతిలో పెట్టాను. ఆయన ఊరు పాతపాళ్య. ఉద్యోగంలో చేరకముందు ఊరూరా తిరిగి పంపుసెట్లు, బోరు మోటర్లు బాగుచేసిన మనిషి. ఏ పని చేసినా అడిగినదానికి ఇంకొంచెం చేర్చి చేసే రకం. రెక్కను పలక మీద పెట్టి, రెండు వైపులా కొలత సమానంగా ఉందని చూసి గుర్తులు పెట్టాడు. ముందు సన్నటి రంధ్రం, తర్వాత అసలు సైజు. తుప్పు పట్టని బోల్టులు, కింద వెడల్పాటి వాషర్లు, ప్లాస్టిక్ పగలకుండా కొలతగా బిగింపు. రంధ్రాల అంచులకు రంగు కూడా పూశాడు. నేను ప్రొపెల్లరును చేత్తో తిప్పి చూశాను, ఎక్కడా తగల్లేదు. మిగతా పనులుంటే అవీ చూసి చెప్పమని నేను లోపలికి వెళ్లాను.

కాసేపటికి పిలిచాడు. మోటరును నీళ్ల డ్రమ్ములోకి దించి స్టార్ట్ చేశాం. ఔట్‌బోర్డుకు రేడియేటర్ ఉండదు. కిందనున్న సన్నటి సందుల్లోంచి బయటి నీళ్లను పీల్చుకుని ఇంజనును చల్లబరుచుకుంటుంది. ఆ నీళ్లలో కొంత వెనకనుంచి సన్నటి ధారగా బయటికి పడుతుంది. ధార బాగుంటే ఇంజను క్షేమంగా ఉన్నట్టు. ఆ రోజు ధార బాగానే పడింది. చెరువులో నడిపి చూసే పని మర్నాటికి పెట్టుకున్నాం.

ఆ మర్నాడు రానేలేదు. అదే మధ్యాహ్నం గూళూరు దాటి లోపలున్న ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఎగువన పడ్డ వానకు చెరువు నిండుతోంది, లోపల మోటరు షెడ్డు మీద మొగుడూ పెళ్లాం చిక్కుకున్నారు. చెరువు లోపల షెడ్డేమిటని వేరే ప్రాంతం వాళ్లకు అనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎండిన చెరువులో లోతున నీళ్లు పడతాయని అక్కడే బోర్లు వేసుకుంటారు. వరద వస్తే ఇంట్లో సామాను కంటే ముందు బోరు మోటరు స్టార్టరు పెట్టె కోసం పరిగెత్తుతారు. చౌడప్ప అనే ఆ రైతు కూడా అలాగే వెళ్లాడు. తిరిగి రమ్మని పిలవడానికి వెళ్లిన భార్య నరసమ్మ కూడా అక్కడే ఇరుక్కుంది.

చెరువు కట్ట మీద ఊరంతా ఉంది. "మరవ పోతాండాది సార్, నీళ్లు ఇంకా వస్తానే ఉండాయి" అన్నారు. మరవ అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లి బయటికి పోయే దారి. ఆ వైపు కొట్టుకుపోతే పడవైనా మనిషైనా అవతలి బండల మీదే తేలాలి. నేను, వెంకటరాయప్ప ఎక్కాం. మామూలుగా మెకానిక్ గట్టునే ఉంటాడు. నీళ్లలో పరీక్షించని రెక్క కాబట్టి బిగించినవాడు కూడా పడవలో ఉండాలన్నాను. గంగులప్పకు ఈత అంతంత మాత్రం. లైఫ్ జాకెట్ పట్టీలు రెండుసార్లు లాగి చూసుకుని ఎక్కాడు.

వేగం పెంచగానే ముక్కు కొంచెం లేచి, వెంటనే దిగింది. ఎదురుగా నీళ్లు, నీళ్లలో షెడ్డు కప్పు, దాని మీద రెండు ఆకారాలు స్పష్టంగా కనబడ్డాయి. వెంకటరాయప్ప మొహం వెలిగిపోయింది. సగం దూరం వెళ్లామో లేదో, నేను వెనక్కి చూసేసరికి నీళ్ల ధార దారంలా సన్నబడింది, తర్వాత చుక్కలు చుక్కలుగా పడింది. ఇంజను మూత మీద చెయ్యి పెట్టలేకపోయాం. ఆపమన్నాను. ఆపగానే పడవ మరవ వైపు జరగడం మొదలుపెట్టింది. లంగరు వేస్తే బురదలో పట్టీ పట్టనట్టు ఈడ్చుకుంటూ వచ్చింది. నాకు నిజంగానే భయం వేసింది.

రెక్క ఏమైనా సందులకు అడ్డం వచ్చిందా అని గంగులప్పను అడిగాను. లేదన్నాడు. మోటరు వైపు వంగి చూసి, "జాలి కట్టినాను సార్" అన్నాడు. ఏం జాలి అంటే, చెరువు నీళ్లలో చెత్త ఎక్కువ గదా అని, నీళ్లు పీల్చే సందుల మీద దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి తీగతో కట్టాడట. "జాలి లేకుండా మోటరు దింపితే మా పక్క నవ్వుతారు సార్." ఆయన అన్నది అబద్ధం కాదు. బావిలోకి దించే ప్రతి పైపు కొనకూ జల్లెడ ఉంటుంది, అది లేకుండా మోటరు వేసినవాణ్ని ఎవరూ మెకానిక్ అనరు. డ్రమ్ములో మంచినీళ్లు కాబట్టి తేడా తెలియలేదు. వరద నీటి ఒండ్రు ఆ గుడ్డకు అట్టకట్టుకుపోయింది.

తిట్టే తీరిక లేదు. నేను, వెంకటరాయప్ప తెడ్లు వేసి పడవను మరవ వైపు పోకుండా నిలిపాం. గంగులప్ప మోటరును పైకి వంచి, వెనక చెక్క మీద బోర్లా పడుకుని కత్తితో తీగ కోశాడు. నల్లటి గుడ్డ ముద్దలా ఊడి వచ్చింది. ఇంజను కొంత చల్లారేదాకా తెడ్లు వేస్తూనే ఉన్నాం. తర్వాత స్టార్ట్ చేస్తే మొదట ఆవిరి, ఆ తర్వాత వేడినీళ్లు, చివరికి నిండు ధార.

షెడ్డు దగ్గర ఇంకో తంటా. చౌడప్ప స్టార్టరు పెట్టెను ఊడదీసి, గోనెపట్టాలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఈయప్ప అది లేకుండా రాడంట సార్. నన్నన్నా తీసుకపోండి" అంది నరసమ్మ. మనుషులు తప్ప సామాను ఎక్కించకూడదని మా నియమం. నీళ్లు అప్పటికే కప్పు అంచును తాకుతున్నాయి, వాదన తేలేదాకా ఆగేలా లేవు. ముందు నువ్వు ఎక్కప్పా, పెట్టె తర్వాత చూద్దామన్నాను. ఎక్కాడు, పెట్టెతో సహా. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అయిదుగురు, ఒక స్టార్టరు. వెంకటరాయప్ప నెమ్మదిగా వేగం పెంచాడు. వెనక భాగం కూరుకుపోలేదు, చెక్క మీంచి చుక్క నీరు రాలేదు. కట్ట చేరి నేల మీద కాలు పెట్టాక నరసమ్మ మొగుణ్ని ఒక్క దెబ్బ కొట్టి, తర్వాత ఏడ్చింది. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే షెడ్డు కప్పు నీళ్లలో ఎక్కడుందో తెలియలేదు.

గంగులప్ప రెండు రోజులు నా ఎదుట పడలేదు, మెమో వస్తుందని. నేను ఇవ్వలేదు. బద్ధకస్థుడు వదిలేసిన పని తనిఖీలో దొరుకుతుంది. శ్రద్ధ ఉన్నవాడు అదనంగా చేసింది దొరకదు, ఎందుకంటే దాని కోసం ఎవరూ వెతకరు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, పని పూర్తయిందని ఎవరు చెప్పినా రెండు ప్రశ్నలు అడిగేవాణ్ని: చెప్పింది చేశావా, చెప్పనిది ఏం చేశావు? రెండోదానికి ఏమీ లేదని టక్కున చెప్పినవాడి యంత్రాన్ని ఇంకోసారి విప్పి చూసేవాణ్ని. కాస్త ఆలోచించి జవాబిచ్చినవాణ్ని నమ్మి నీళ్లలోకి దించేవాణ్ని.