నేను చూడలేదన్న ఎముక

మా పెద్దమేష్టారు మాచర్లలో పోయారని మొన్న మధ్యాహ్నం రైలు దిగినవాళ్లు చెప్పారు. కబురు గురజాలంతా పాకేలోపే మా బడి మేనేజరు గారు సంతాపసభకు బంతిపూల దండలు పురమాయించారట. ఆయనను ఈ బడి నుంచి వెళ్లగొట్టింది ఆ మేనేజరు గారే. పక్కన నిలబడి సాయపడింది నేను.

నేను ఒకటో తరగతి పంతులమ్మను. చిన్నతనంలోనే భర్త పోతే, ట్రెయినింగు చదివి ఇక్కడ చేరాను. సుద్దముక్క పట్టుకోవడం దగ్గర్నుంచి నాకు నేర్పింది మేష్టారే. నన్ను "అమ్మాయ్" అని పిలిచేవారు.

మా పిల్లలు కృష్ణను చూసినవాళ్లే కాని సముద్రం ఎరగరు. యుద్ధం రోజుల్లో వాచకాలే దొరకనప్పుడు బొమ్మల పుస్తకాలు ఎక్కడివి? అందుకని సెలవులు వచ్చినప్పుడల్లా మేష్టారు బాపట్ల వైపు వెళ్లి, ఒడ్డున బెస్తవాళ్లు ఇచ్చినవన్నీ సంచిలో వేసుకొచ్చేవారు. గవ్వలు, ఎండిన పీతలు, ఏదో చేప తోక. సంచి విప్పితే వచ్చే కంపుకు నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. "ముక్కు మూసుకుంటే సగం పాఠం పోయినట్టేనమ్మాయ్" అని నవ్వేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

పిల్లలకు ఆ రోత లేదు. పలకలు నెత్తిన పెట్టుకొని పీతల్లా అడ్డంగా నడిచేవారు. కళ్లు మూసుకొని కుండలో చెయ్యి పెడితే తాటిముంజ తగిలి జారిపోయేది. నీళ్లలో గొడుగులా తేలే జంతువు ఒళ్లు అంత మెత్తగా ఉంటుందని మేష్టారు చెప్పేవారు. పాతగుడ్డతో పది చేతుల జంతువును కుట్టి, దాని కడుపులో సిరాబిళ్ల పెట్టి తొట్టిలో ముంచేవారు. శత్రువు వస్తే ఆ జంతువు ఇలాగే సిరా చిమ్మి పారిపోతుందనేవారు. పిల్లలు నల్లటి చేతులతో ఇళ్లకు పోయి తన్నులు తినేవారు.

అలాంటి అసలు జంతువునే ఒకసారి ఉప్పులో వేసి డబ్బాలో తెచ్చారు. అది దారిలోనే కుళ్లింది. ఆ కంపుకు ఆయనే ఓడిపోయి, పిల్లలు రాకముందే బడి వెనక కోద్దామన్నారు. జిగురు, నల్లటి నీరు, ఊడిపోతున్న కళ్లు. నేను గోడవారన వాంతి చేసుకున్నాను. అయినా చూశాను. దాని వీపులోంచి అరచేతంత తెల్లటి ఎముకను లాగి, కడిగి, నా చేతిలో పెట్టారు. మూలికల కొట్లో సముద్రపు నురుగని అమ్మేది అదే. మా ఊళ్లో పిల్లలకు చెవి కారితే నూరి ఆ పొడే వేస్తారు. సముద్రం మీది నురుగే అలా గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

ఆ రోజు పిల్లలు ఎముకను చూసి వెళ్లి ఇళ్లల్లో చెప్పారు. మేనేజరు గారి తల్లి జన్మలో నీచు ముట్టని మనిషి. కొడుకులందరి చెవుల్లోనూ ఆ పొడి తన చేత్తోనే నూరి వేసింది. సంగతి విని నెత్తిన నీళ్లు పోసుకొని రెండు రోజులు అన్నం మానేసింది.

మూడోనాడు మేనేజరు గారు తరగతిలోకే వచ్చారు.

"ఏందయ్యా మేష్టరూ, మా అమ్మ ఇన్నేళ్లూ నీచు నూరిందంటావా? నురుగేనని పిల్లల ముందర చెప్పు, ఇంతటితో పోతది."

"ఎముకేనండి. తెలియక చేసినదానికి అమ్మగారికి పాపమేం అంటదు" అన్నారు మేష్టారు.

మేనేజరు గారు నా వైపు తిరిగారు. "పంతులమ్మా, నువ్వు చూసినావా?"

నా చేతులకు ఆ కంపు ఇంకా వదల్లేదు. ఉద్యోగం పోతే పుట్టింటి వంటింట్లో పడి ఉండాలి.

"నేను చూడలేదండి" అన్నాను.

మేష్టారు ఎముకను నా బల్ల మీద పెట్టి, "జాగ్రత్తమ్మాయ్, గోరు తగిలినా గీత పడుతుంది" అని వెళ్లిపోయారు. పిల్లలకు అబద్ధాలు చెబుతున్నాడని మేనేజరు గారు ఆ రోజే ఆయన్ని తీసేశారు. ఆ తర్వాత మాచర్లలో ప్రైవేట్లు చెప్పుకొని బతికారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న సభలో మేనేజరు గారు, అంత నిజాయితీపరుడు పల్నాట్లో లేడన్నారు. అందరూ తలలూపారు. ఆయన ఒళ్లో మనవరాలు కూర్చుని ఉంది, నా తరగతి పిల్లే. దాని చెవి చుట్టూ తెల్లటి పొడి. నురుగేనని తేల్చుకున్నారు కదా, ఇంక అడ్డేముంది. ఆ నోటి వెంట నిజాయితీ అన్న మాట వినడం నాకు ఆనాటి డబ్బా కంపు కన్నా రోతగా ఉంది. నేను మాత్రం ఏం చేశాను? తలవంచుకొని కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈ ఉదయం ఆ ఎముకను బీరువాలోంచి తీసి పిల్లల చేతికిచ్చాను. పది చేతుల జంతువు వీపులోదని, మేష్టారు కోస్తుంటే నా కళ్లతో చూశానని చెప్పాను. మీరు ఇది చదివేసరికి నా ఉద్యోగం సంగతి తేలిపోయి ఉంటుంది.

చేతులు మారి మారి అది మేనేజరు గారి మనవరాలి దగ్గరికి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. గోటితో గీసింది. వేలికి తెల్లటి పొడి అంటింది. దాన్నే చూస్తూ, రెండో చెయ్యి మెల్లగా చెవి మీద పెట్టుకుంది.