అవ్వకు తెలియని నా తిండి

ఆ రోజుల్లో గద్వాలలో మా ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా రోగానికి పేరు పెట్టే అధికారం మా అవ్వదే (డాక్టర్లంతా ఆమె తరువాతే). నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాయిన మగ్గం మీద చీర నేస్తుంటే పక్కన కూర్చుని దారపు కండెలు చుట్టడం నా పని. చేతుల కంటే నా నోరే ఎక్కువ ఆడేది. కింద రాలిన పట్టు పోగులు ఏరుకుని నమిలేదాన్ని. మొదట్లో నమిలి ఉమ్మేదాన్ని. తరువాత ఉమ్మడానికి లేవడం బద్ధకమై మింగెయ్యడం మొదలుపెట్టాను. రుచీ పచీ ఏమీ ఉండదు, అయినా వదలబుద్ధి కాదు.

ఒకరోజు బడికి తయారవుతుండగా కడుపులో మెలిపెట్టినట్టయింది. వాంతులు చేసుకుంటూ కింద పడి దొర్లాను. "పోరికి దిష్టి తాకింది" అని అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. వీధిలో సూదులేసే డాక్టరు కడుపులో పురుగులన్నాడు. మాత్రలు వేసినా నొప్పి తగ్గకపోయేసరికి నాయిన నన్ను భుజాన వేసుకుని కర్నూలు బస్సెక్కాడు, వెనకే అవ్వ. దారి పొడుగునా "జర ఓర్సుకో బిడ్డా" అంటూనే ఉన్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ "ఏం తిన్నావు పాపా?" అని నన్నడిగితే, అవ్వ అందుకుని మామిడికాయ తొక్కు దగ్గర్నుంచి మొన్నటి పెండ్లిలో బూరెల దాకా అప్పజెప్పింది. డాక్టరమ్మ స్కానింగు తీయించి, అందులో ఏదో ఉండ లాంటిది కనిపించిందంటూ నా జడ వంక చూసి, "వెంట్రుకలు గానీ తింటావా?" అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఛీ! వెంట్రుకలు ఎవరన్న తింటరా? నేను పట్టు పోగులే తింట!" అన్నాను. అవ్వ నా దవడ పట్టుకుని నోరు తెరిచి చూసింది. నిజం చెప్పేశాను కదా, ఇక మందిచ్చి ఇంటికి పంపుతారనుకున్నాను. "అయితే ఆపరేషన్ చేసి తీయాల్సిందే" అంది డాక్టరమ్మ. నాయిన రెండు చేతులూ జోడించాడు. "నా పక్కకే కూసుంటది గదమ్మా, చూసుకోనే లేదు. బిడ్డ దక్కుతదా?" అన్నాడు.

దక్కాను. మెలకువ వచ్చేసరికి నాయిన మంచం పక్కన కూర్చుని, నా కడుపులోంచి తీసిన ఆ ఉండను చూసొచ్చిన సంగతి అవ్వకు చెబుతున్నాడు. "నెమలి రంగుది దసరాకు ముంగట నేసిన చీరది. ఎర్రది మన చెల్లెకు పెట్టిన చీరది..." అంటూ ఏడుస్తున్నాడు. "నాయినా, కొడతవా?" అన్నాను. "కొట్టను బిడ్డా. ఆకలైతే నాకు చెప్పు" అన్నాడు. ఆకలి కాదు, ఊరికేనే తిన్నానని ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు.

పెళ్లయి ఇన్నేళ్లయినా ఫోన్లో నాయిన మొదటి మాట "తిన్నవా?" అనే. ఆ పిచ్చిపిల్లను తలుచుకుని నవ్వుకుంటూ, "తిన్న నాయినా, అన్నమే తిన్న" అంటాను.