మూడింటి దాకా నిద్ర

ఓహాయోలోని ఆ డేకేర్‌లో పసిపిల్లల గది పదేళ్లుగా లొరెయిన్‌దే. పావుగంటకోసారి తొట్టిలోకి వంగి, బిడ్డ వెల్లకిలా పడుకుందా, ఊపిరి ఆడుతోందా చూసి, ఆ బిడ్డ కాగితంలో ఆ సమయానికున్న గడిలో సంతకం పెట్టాలి. ఆమె మాత్రం పన్నెండింటికే కుర్చీలో కూలబడి, చిప్స్ కారం అంటిన వేళ్లు నాక్కుంటూ, మూడింటి దాకా గళ్లన్నీ నింపేసేది. పాలసీసాలు కడిగే యెసేనియా ఆ నాకుడు చూడలేక మొహం తిప్పుకునేది.

“చూడకుండానే రాసేస్తావేంటక్కా?”

“పదేళ్లలో ఒక్కరికైనా ఏమైనా అయిందా? నీ సీసాలు నువ్వు కడుక్కో.”

ఓ రోజు పన్నెండున్నరకే ఒక తల్లి వచ్చి, నిద్రపోతున్న కొడుకును భుజాన వేసుకుని, కాగితం చదివింది. “మూడింటికి కూడా వీడు ఇక్కడే పడుకుని ఊపిరి పీలుస్తున్నాడని రాశారేంటి?”

యెసేనియా కుళాయి కట్టేసి లొరెయిన్ వైపు చూసింది.

లొరెయిన్ వేలు చప్పరించి నవ్వింది. “కాగితంలో తప్పేం లేదమ్మా. నువ్వే తొందరగా వచ్చావు.”