టేపు మీద రాయని పాస్‌వర్డ్

నేను పాస్‌వర్డ్ చెప్పలేదు. అయినా నా కంప్యూటర్ బాగై తిరిగొచ్చింది.

ఇందులో అన్యాయమేముంది, సంతోషపడాలి గదా అని నా భార్యతో సహా అందరూ అన్నారు. తాళంచెవి నా జేబులో ఉండగానే ఎవరో నా ఇంట్లోకి పోయి, దీపం వెలిగించి, తలుపు దగ్గరికి వేసి వచ్చారంటే సంతోషపడే మనిషిని కాను నేను.

మాది రూపనగుడి. ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. దాంట్లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. ఆన్ చేస్తే ఏది కావాలని అడుగుతుంది. పొలం పహణీలకు, పింఛను పనులకు విండోస్. నా చదువుకు లినక్స్. అది నేనే వీడియోలు చూసి ఎక్కించుకున్నాను. రెండింటికీ పెద్ద పెద్ద పాస్‌వర్డ్‌లు పెట్టాను. ఆధార్ నకళ్ళు, బ్యాంకు కాగితాలు, ఫోటోలు, నేను రాసుకున్నవి, అన్నీ విండోస్ వైపే దాచాను.

ఒక పొద్దున అది ఏదీ అడగలేదు. నల్లటి తెర, మూలన ఒక తెల్లటి గీత, అంతే. నాకు తెలిసినవన్నీ చేసి చూశాను. చివరికి కంప్యూటర్ డబ్బాను తువ్వాలలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో బళ్ళారికి పోయాను.

రిపేరు అంగడిలో బల్ల నిండా జనం ఇచ్చిపోయిన కంప్యూటర్లు. ప్రతిదాని మీద ఒక టేపు ముక్క, దాని మీద స్కెచ్ పెన్నుతో పాస్‌వర్డ్. ఒకదాని మీద దేవుడి పేరు, ఒకదాని మీద ఫోన్ నంబరు, ఒకదాని మీద పిల్ల పేరు, పక్కన ఒకటి రెండు మూడు. వచ్చినవాళ్ళందరూ చదవచ్చు. నేనూ చదివాను. అవి నాకు ఇప్పటికీ గుర్తే.

అంగడాయన టేపు చింపి పట్టుకున్నాడు. "పాస్‌వర్డ్ చెప్పు పెద్దప్పా, రాసి అంటిస్తా."

"చెప్పను."

"చెప్పకుంటే ఎట్ల జేసేది? డాక్టరు కాడికొచ్చి నోరు తెరవనంటే అయితాదా?"

"నోరు తెరుస్తానప్పా. బీరువా తెరవను."

వెనకనున్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వి, "ఆయ్తు, సరే, ఈడ పెట్టిపో" అన్నాడు. టేపు మీద ఏమీ రాయకుండా ఉత్తదే అంటించాడు.

రెండు రోజులకు ఫోన్ చేశాడు, అయిపోయింది తీసుకుపొమ్మని. పోయి ఎట్లా చేశావయ్యా అని అడిగితే, "నీకెందుకు పెద్దప్పా, మెషిన్ నడుస్తాందా లేదా?" అన్నాడు. నడుస్తోంది. అదే నా అనుమానం.

ఈ అనుమానం నాకు నిన్న మొన్న పుట్టింది కాదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు. మా మేనమామ కెంచనగుడ్డ వైపు వరి కోతలకు పోయి, అక్కడ ఎవరి చేతనో కార్డు రాయించి పంపేవాడు. మా అమ్మ దాన్ని కొంగున కట్టుకుని, ఊళ్ళో చదువొచ్చిన ఒకాయన అరుగు ముందర నిలబడేది. ఆయన మొదట తనలో తాను చదువుకునేవాడు. నవ్వుకునేవాడు. ఆ తర్వాత మాకు వినిపించేవాడు. ఎంత వినిపించేవాడో, ఎంత మింగేవాడో మాకేం తెలుసు? పొద్దు గూకేలోపల మా మామ సంగతి బావి కాడ ఆడవాళ్ళ నోట్లో ఉండేది. నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాల మీద తెలుగు, బస్సుల బోర్డుల మీద కన్నడ నేర్చుకున్నానంటే ఆ నవ్వు మళ్ళీ చూడకూడదనే.

డబ్బాతో ఇంటికొచ్చి ఒక్కొక్క ఫైలే తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి. చివరికి మా అమ్మ ఫోటో తెరిచాను. ఆమెది ఉన్నది అదొక్కటే, ఎవరి పెళ్ళిలోనో తీసింది. దాన్ని నా ఫోన్‌తో తీసి కంప్యూటర్లో పెట్టుకున్నప్పుడు అడ్డంగా పడింది. తిప్పుదాం, తిప్పుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి; మెడ వంచి చూడడం అలవాటైపోయింది. ఆ రోజు కూడా అలవాటుగా మెడ వంచాను. అమ్మ అడ్డంగా కనబడింది. మెడ నిలబెట్టాను. అమ్మ నిటారుగా నిలబడి ఉంది.

ఫైలు మార్చిన తేదీ చూశాను. ఆ తేదీన డబ్బా అంగడిలో ఉంది.

లినక్స్ ఎక్కించుకునేటప్పుడు చేసిపెట్టుకున్న పెన్ డ్రైవ్ ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని గుచ్చి, డబ్బాలో ఉన్న రెండింటినీ లేపకుండా, ఆ పెన్ డ్రైవ్ మీదున్న లినక్స్‌తోనే కంప్యూటర్‌ను నడిపి చూశాను. ఏ పాస్‌వర్డూ అడగలేదు. నా ఆధార్, నా బ్యాంకు, నా రాతలు, మా అమ్మ, అన్నీ వరసగా కనబడ్డాయి. విండోస్‌కు నేను పెట్టిన పాస్‌వర్డ్ విండోస్ నడిచేటప్పుడే కావలి. దాన్ని నిద్రపోనిచ్చి ఇంకో దారిన వచ్చినవాణ్ణి ఎవడని అడిగే దిక్కులేదు. అంగడాయనా ఇట్లాంటి పెన్ డ్రైవ్‌తోనే వచ్చి ఉంటాడు. పైగా అది తీసేస్తే ఏమేం తెరిచి చూశారో దాని జాడ కూడా మిగలదు. ఒక్క ఫోటో తిప్పకపోయి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

నా భార్య తలుపు దగ్గర నిలబడి, "ఆయప్ప చూస్తే చూసినాడులే. మీ యమ్మ ఏమన్నా ఘోషాలో ఉండెనా?" అంది.

"అడిగి చూడల్ల గదా?"

"నువ్వు చెప్తావా, అడిగితే?"

అంగడికి ఫోన్ చేసి, నా ఫైళ్ళు తెరిచి చూశావా అని అడిగాను. "గిరాకీ ఉండాది పెద్దప్పా, మళ్ళ మాట్లాడ్తా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

చూడని మనిషి చూడలేదని చెప్పడానికి అంతసేపు పట్టదు.

వారం రోజులు కూర్చున్నాను. లినక్స్‌ను తీసేసి కొత్తగా ఎక్కించాను, ఈసారి డిస్కులో దాని భాగం మొత్తానికీ తాళం వేసి. ఈ తాళం తలుపుకు వేసేది కాదు. లోపలి అక్షరాలన్నిటినీ కలిపి కుప్ప చేస్తుంది. పాస్‌వర్డ్ మాట చెప్తేనే మళ్ళీ వరసకు తెస్తుంది. ఏ పెన్ డ్రైవ్ గుచ్చినా కుప్పే కనబడుతుంది. ఆ మాట మరిచిపోతే నాకూ కుప్పే. నా విండోస్‌లో ఆ వసతి లేదు, అందుకని నా సొంతవన్నీ ఇటు తెచ్చుకుని, అటు పహణీల పని తప్ప ఏదీ మిగల్చలేదు. కంప్యూటర్ పెన్ డ్రైవ్ నుంచి మొదలుకాకుండా కట్టేసి, ఆ సెట్టింగులకు కూడా వేరే పాస్‌వర్డ్ పెట్టాను.

అప్పుడు అంగడాయనకు మెసేజ్ రాశాను: "అన్నిటికీ తాళం వేసినాను. నీ పెన్ డ్రైవ్ ఇంక నా దగ్గర పనిచెయ్యదు. మా అమ్మ ఫోటో తిప్పింది నువ్వేనా? ఇంకా ఏమేం చూసినావు? నిజం చెప్పు."

మరునాడు వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఆటోల హారన్లు. నా భార్య కూడా వింటుండగా పెట్టాను.

"చూసినా పెద్దప్పా, అబద్ధమెందుకు? బాగైనంక ఫైలు తెరుచుకుంటాదో లేదో చూడల్ల గదా, ఒగటి తెరిచినా. చూస్తే ఎవరో పెద్దమ్మ అడ్డంగా పండుకోని ఉండాది. మనసొప్పలేదు, నిలబెట్టినా. ఇంగేదీ ముట్టలేదు, నమ్మితే నమ్ము, లేకుంటే లే. తప్పనిపిస్తే మళ్ళ నువ్వే పండబెట్టుకో. నీ తాళం నాకు తెలీదు."