హాకీ కెప్టెన్‌కు దండం పెట్టిన ముచ్చట

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితోనే బడి బందైంది. జాకెట్ల కొలతలు తప్ప నా చేతిరాత ఎవరూ చూడలే. మొన్న వనపర్తి కాలేజీకి పోయి నా పరువు నేనే ఎట్ల తీసుకున్ననో నోటితోని చెప్పాల్నంటే సిగ్గైతది. అందుకే రాస్తున్న.

మాది ఆత్మకూరు. నా బిడ్డ స్రవంతి వనపర్తిల డిగ్రీ సదువుతది. నా లెక్కనే మాట తక్కువ. అసొంటిది ఐతారం నాడు లోపలి అర్రల కూసొని ఫోన్ల దోస్తుతోని ఒకటే మాట్లాడుతున్నది. నేను మిషిన్ ఆపి ఇన్న.

"మొదట్ల ఆ హాకీ కెప్టెన్ అంటేనే నాకు మంట. వాడు ఎంత లొల్లి మనిషో, నేను అంత సప్పుడు లేనిదాన్ని. ఊకెనే నలుగురికి చూపెట్టనీకి జతగా తిరుగుదామన్నడు, సరేనన్న. టూర్ పోతే హోటల్ల ఒక్కటే రూము మిగిలింది. రూముల ఒక్కటే మంచం."

పోయిన నెల కాలేజీ టూరని అది రెండు రోజులు పోయొచ్చింది నిజమే. కుడుతున్న జాకెట్‌కు ఒక చెయ్యి తిర్లమర్ల కుట్టిన. వాళ్ల నాయినకు తెలిస్తే తెల్లారే సదువు బంద్ పెడ్తడు. ఎవరికీ చెప్పకుండ నేనే పోయి ఆ కెప్టెన్‌ను బతిమాలుకుందామనుకున్న.

సోమారం నాడు స్రవంతి కాలేజీకి పోయినంక, ఎనుక బస్సెక్కిన. నలుగురిల నాకు నోరు లేవదు. అందుకని తొవ్వంత ఒకటే మాట బట్టీ పట్టిన: "బాబూ, నా బిడ్డ అమాయకురాలు. దాని జోలికి రాకు, నీకు దండం పెడ్త."

గ్రౌండ్ల ఆటల సారును హాకీ కెప్టెన్ ఎవరని అడిగిన. ఆయన కేకేస్తే, చేతిల హాకీ కట్టె పట్టుకొని ఒక ఆడపిల్ల ఉరికొచ్చింది. పేరు నస్రీన్ అంట.

"నేనే కెప్టెన్ ఆంటీ, ఏమైంది?"

అక్కడన్నా ఊకోవాలె గదా. బట్టీ పట్టిన మాట ఆగుతదా? రెండు చేతులు జోడిచ్చి, "బాబూ" కాడికెళ్లి మొదలువెట్టి ఆఖరి దాంక అప్పజెప్పిన.

నస్రీన్ నా దిక్కు చూసింది, కట్టె దిక్కు చూసింది. ఈ కాలేజీల హాకీ ఆడేది ఆడపిల్లలే అని మెల్లగ చెప్పి, స్రవంతిని పిలిపిచ్చింది. అప్పుడు తెలిసింది. ఇంగ్లీష్ మేడం, సదివిన కథను తెలుగుల చెప్పి అలవాటు చేసుకోమన్నదంట. నా బిడ్డ దోస్తుకు చెప్పింది ఒక నవల. కథ చెప్పే పిల్ల "నేను, నేను" అనే చెప్తదంట. ఎక్కడిదో పరదేశం కాలేజీ, మంచుగడ్డ మీద ఆడే హాకీ. అసొంటి నవలలల్ల మొదలు ఇద్దరికి పడకపోవుడు, జతగా నటించుడు, ఒక్కటే మంచం, ఇవి ఉండనే ఉంటయంట.

గ్రౌండంత నవ్వింది. నా బిడ్డ నవ్వలే. "ఒక్కమాట నన్ను అడిగితే ఏమైతుండెనమ్మా?" అన్నది. ఇంటికొచ్చేటప్పుడు బస్సుల నా పక్కన కూసోలే. ఇంటికొచ్చినంక అర్ర తలుపేసుకున్నది.

తెల్లారి టిఫిన్ డబ్బా దాని చేతిల పెట్టుకుంట, తప్పైంది బిడ్డా అందామనుకున్న. ఈసారి బట్టీ పట్టలే గనుక నోటికి ఏదొస్తే అదే వచ్చింది.

"బిడ్డా, ఇప్పుడు నిన్నే అడుగుతున్న. ఆ మంచం మీద ఎవరు పండుకున్నరు?"

మూతి బిగవట్టుకొని గడప దాటింది. వాకిట్ల ఆగి, ఎనుకకు మర్లి చూసింది. నవ్వు ఆపుకుంటున్నది.

"ఆమెనే పండుకున్నదమ్మా. వాడు కింద పండుకున్నడు."

అయితే పిలగాడు మంచోడే. నేనే అనుమానపడ్డ అనుకుంట, తిర్లమర్ల కుట్టిన ఆ చెయ్యి ఇప్పుకుంట కూసున్న.