నలభయ్యో అడుగు దగ్గర బెంచీ

"పూలమడి పక్కనుండాల్సిన బెంచీ నీళ్ల పంపు దాకా ఎలా వచ్చిందండీ? దానికేమన్నా కాళ్లున్నాయా?"

"ఉన్నాయిగా. నాలుగు."

"వేళాకోళాలొద్దు. తెల్లారకముందే ఈ గేటు దగ్గర తచ్చాడేది మీరొక్కరే. సోమవారం సూపర్‌వైజరు వస్తాడు. అడిగితే నేనేం చెప్పాలి? పోనీ, అది మొదట్లో గేటుకి ఎన్నడుగుల దూరంలో ఉండేదో అదన్నా చెప్పండి. మీకు తెలీని లెక్కా ఇది?"

"నాకేం తెలుసయ్యా! నేనేమన్నా లెక్కపెట్టానా?"

పార్కు కంచె ఇవతల నిలబడి ఈ పోట్లాట వింటున్న మేనల్లుడి చేతిలోంచి పెన్ను జారి కిందపడింది. వాచ్‌మన్ అరిచినందుకు కాదు. అరవకపోతే అతను వాచ్‌మన్ ఎలా అవుతాడు? లెక్కపెట్టలేదన్న ఆ రెండో మనిషి సొంత మావయ్య అయినందుకు.

మావయ్యకి ఉన్న పిచ్చి ఒకే ఒక్కటి. అడుగులు లెక్కపెట్టడం. ముప్ఫై రెండేళ్లు సర్వే ఆఫీసులో చైన్‌మన్‌గా పొలాల వెంట కొలతల గొలుసు లాగాడు. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు గొలుసు తీసేసుకున్నారు కానీ కాళ్లు ఆయనకే వదిలేశారు. అప్పటినుంచీ మంచం నుంచి వంటింటికి పంతొమ్మిది, ఇంటి నుంచి మందుల షాపుకి నాలుగు వందల ఆరు. దారిలో ఎవరైనా ఎదురుపడితే "ముప్ఫై నాలుగు, బాగున్నావా, ముప్ఫై ఐదు, అమ్మాయికి జ్వరం తగ్గిందా, ముప్ఫై ఆరు" అంటూ సాగిపోతాడు. జవాబు కోసం ఆగడు. ఆగితే లెక్క చెదురుతుంది, చెదిరితే మళ్లీ ఇంటికెళ్లి మొదలుపెట్టాలి.

అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. "పెళ్లికి ముందు నన్ను చూడ్డానికొచ్చినప్పుడు పెదాలు కదుపుతూ లోపలికొచ్చారు. పాపం, దేవుణ్ణి తలుచుకుంటున్నారు, భక్తిపరుడు అనుకున్నాను. మా గుమ్మం బస్‌స్టాపుకి రెండు వందల పదకొండడుగులని పెళ్లయ్యాక చెప్పారు. అప్పటికే ఆలస్యమైపోయింది!"

మేనల్లుడు రెండో ఏడాదిలో కాలేజీ మానేసి వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ తలో మాటా అన్నారు. మావయ్య మాత్రం పక్కకి పిలిచి అడిగాడు.

"క్లాసులోంచి గేటు దాకా ఎన్నడుగులేశావురా?"

"లెక్కపెట్టలేదు మావయ్యా."

"అదే నువ్వు చేసిన తప్పు. లెక్కపెట్టుకునుంటే ఎప్పుడైనా వెనక్కెళ్లాలనిపిస్తే ఎంత దూరమో తెలిసేది."

వెనక్కెళ్లాలని వాడికి ఇంకా అనిపించలేదు. మూడు ఉద్యోగాల్లో చేరి మూడూ మానేశాడు. ఒకచోట మనిషి నచ్చలేదు, ఒకచోట పని నచ్చలేదు, మూడోచోట వాడే వాళ్లకి నచ్చలేదు. చివరికి వీధి మలుపులో ఉన్న ప్రెస్సులో ఒక చిన్న పని దొరికింది. పదహారు పేజీల పుస్తకం రాయాలి. పేరు 'మన పేటలో చూడదగ్గ పార్కులు'.

ప్రెస్సు నడిపే ఆవిడ కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

"పూలు అందంగా ఉన్నాయి, గాలి చల్లగా ఉంది అని ఎవడైనా రాస్తాడు. నాకు అంకెలు కావాలి. ఎంత నడవాలి, ఎక్కడ కూర్చోవాలి, నీళ్లెక్కడ. మోకాళ్ల నొప్పులవాళ్లు కొనే పుస్తకమిది. అంకెలన్నీ సరిగ్గా ఉంటే ఉద్యోగం ఇస్తాను. ఒక్కటి తప్పినా మళ్లీ ఈ మెట్లెక్కకు."

అంకెలు! వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టైంది వాడికి. పరుగున మావయ్య దగ్గరికెళ్లాడు. మావయ్య కళ్లు మెరిశాయి. అయితే ఒక షరతు పెట్టాడు. "చివరి పేజీలో పెద్దక్షరాలతో వెయ్యాలి. 'ఈ అడుగులన్నీ మావయ్య లెక్కపెట్టినవి, తప్పు చూపిస్తే చెవులు పట్టుకుని గుంజీళ్లు తీస్తాడు' అని."

"వేస్తాలే మావయ్యా."

"ముప్ఫై రెండేళ్లలో ఒక్క లెక్క తప్పలేదురా నాది. అది కూడా వెయ్యి."

అలా మూడు వారాల కిందట ఇద్దరూ పార్కుల మీద పడ్డారు.

ట్యాంకు పార్కులో నలభై రకాల గులాబీలున్నాయి. మావయ్య వాటి వంక చూడనైనా లేదు. "గేటు నుంచి బెంచీ ఇరవై ఒకటి. బెంచీ నుంచి మంచినీళ్లు తొమ్మిది. పర్వాలేదు, ఇక్కడ బతకొచ్చు."

"గులాబీల గురించి ఏం రాయను?"

"ముళ్లుంటాయని రాయి."

రైలుకట్ట పార్కు వాడికి ఎంతో నచ్చింది. పొడుగాటి బాట, ఓ పక్క వెళ్లే రైళ్లు, విసిరికొట్టే గాలి. "బ్రహ్మాండంగా ఉంది కదా మావయ్యా!"

"బ్రహ్మాండమే. బెంచీకీ బెంచీకీ మధ్య నూట అరవై. నడిమధ్యలో కాలు తిమ్మిరెక్కితే ఏం పట్టుకుంటావు? రైలునా?"

మూడు మూలల పార్కులో ఉయ్యాలలు ఊగుతున్న పిల్లల్ని చూసి మావయ్య చెమటలు తుడుచుకున్నాడు. "ఉయ్యాల నుంచి మరుగుదొడ్డికి తొంభై మూడు! ఇంత చిన్న పిల్లలు అంత దూరం ఎలా ఆగుతార్రా?" లైబ్రరీ వెనక పార్కులో పేటంతటికీ సరిపోయే నీడ ఉంది కానీ, గేటు దగ్గర పట్టుకోవడానికి కమ్మీ లేకుండా రెండు మెట్లున్నాయి.

"రెండేగా మావయ్యా!"

"పడ్డానికి ఒకటి చాలు."

మావయ్యతో పార్కుకెళితే ఇదీ వరస. పది నిమిషాల్లో మనక్కూడా ప్రతి కొమ్మా నెత్తిన పడేట్టు, ప్రతి రాయీ కాలికి తగిలేట్టు కనిపిస్తుంది. వాడు గోళ్లు కొరుక్కుంటూ అంకెలు రాసుకున్నాడు.

అయిదోది గుర్రం బొమ్మ పార్కు. మధ్యలో చెవి విరిగిన రాతి గుర్రం, చుట్టూ పచ్చిక. గేటు నుంచి మొదటి బెంచీ నలభై. ఆ బెంచీ మీద చేతికర్రతో డ్రిల్లు మేష్టారు కూర్చుని ఉన్నాడు. మావయ్యకి చిన్నప్పటినుంచీ స్నేహితుడు. ఒకప్పుడు ఆయన ఈల ఊదితే ఆరు వందలమంది పిల్లలు ఒకే కాలు ఎత్తేవారు. ఆరు నెలల కిందట స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. డాక్టరు ఎముకైతే అతికించాడు గానీ ధైర్యాన్ని అతికించలేకపోయాడు.

"మీ మావయ్య లెక్క నలభై. నలభై నడవగలను," అన్నాడు మేష్టారు, చూపు బూట్ల మీదినుంచి ఎత్తకుండానే. "నలభై ఒకటో అడుగులో పడిపోతాను. ఇంకాస్త నడవండి, ఇంకాస్త నడవండి అని ఆ డాక్టరు నస పెడుతున్నాడు. పడితే లేపేది ఆయనా?"

మావయ్య బెంచీ వంకా గేటు వంకా చూశాడు. తల గోక్కున్నాడు.

ఆ తర్వాతే మొదలైంది అసలు గొడవ. పదిరోజుల కిందట మేనల్లుడు ఎందుకైనా మంచిదని ఒక్కడే వెళ్లి అయిదు పార్కులూ మళ్లీ నడిచాడు. నాలుగు సరిపోయాయి. గుర్రం బొమ్మ పార్కులో మాత్రం బెంచీకి యాభై ఆరు వచ్చింది. తనే పొరబడ్డాననుకుని ఊరుకున్నాడు. ఊరుకున్నాడే గానీ ఆ యాభై ఆరు నిద్రలోకి కూడా వచ్చింది. ఇవాళ శుక్రవారం. రేపు సాయంత్రం పుస్తకం అచ్చుకెళ్లాలి. మనసొప్పక పొద్దున్నే వచ్చి నడిచాడు. అరవై ఎనిమిది! బయటికొచ్చి ఆలోచించుకుంటుంటే లోపలినుంచి ఈ పోట్లాట వినపడింది.

వాచ్‌మన్ గొణుక్కుంటూ వెళ్లిపోయాక వాడు లోపలికెళ్లి మావయ్యకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ బెంచీ ఎంత మావయ్యా?"

"నలభై."

"ఇప్పుడే నడిచాను. అరవై ఎనిమిది."

"నీ అడుగులు చిన్నవి."

"మొన్న పెద్దవన్నావు!"

"మొన్న వేరే చెప్పులేసుకున్నావు," అని మావయ్య చరచరా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మేనల్లుడు ఆయన పెదాల వంకే చూశాడు. అవి కదలడం లేదు.

నేరుగా అత్తయ్య దగ్గరికెళ్లాడు. ఆవిడ అప్పటికే కంగారులో ఉంది.

"నాకూ ఏదోగానే ఉందిరా. మూడు రోజులకోసారి చీకటితోనే లేచి వెళుతున్నారు. చేతులనిండా మట్టితో వస్తున్నారు. ఏమిటీ మట్టి అంటే, ఏ మట్టి అంటారు. నిన్న వంటింటికి పద్దెనిమిదే అన్నారు!"

"పంతొమ్మిది కదా?"

"పీట జరిపానులే. అయినా భయమేసింది."

మతిమరుపు జబ్బు ఇలాగే మొదలవుతుందా? ముందు అంకెలు పోయి, తర్వాత మనుషులు పోతారా? మేనల్లుడికి అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, మావయ్యే పోతున్నాడేమోనన్న భయం ఇంకో పక్క. మొదటిదాన్ని రెండోది మింగేసింది.

శనివారం తెలతెలవారుతుండగా వాడు గుర్రం బొమ్మ వెనక నక్కాడు. అక్కడ అప్పటికే ఒకరు నక్కి ఉన్నారు. వాచ్‌మన్.

"ష్! ఇవాళ రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుంటాను," అన్నాడతను చెవిలో.

మావయ్య వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. బెంచీ ఒక కొస ఎత్తి రెండడుగులు జరిపాడు. వగర్చాడు. రెండో కొస దగ్గరికెళ్లి దాన్నీ రెండడుగులు జరిపాడు. మళ్లీ ఈ కొస, మళ్లీ ఆ కొస. బరువైన బీరువాని నడిపించినట్టు నడిపించాడు. నాలుగడుగులు కాగానే నడుం పట్టుకుని నిలబడ్డాడు. వెలుతురొచ్చింది. మేనల్లుడికి అప్పుడు కనపడింది. పూలమడి దగ్గరినుంచి పంపు దాకా పచ్చికలో నాలుగేసి గుంటలు, నాలుగడుగులకో వరస. బెంచీ వదిలిన అడుగుజాడలు!

వాచ్‌మన్ లేవబోయాడు. సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది.

డ్రిల్లు మేష్టారు. కర్ర టక్కు, కాలు టక్కు. తల వంచుకుని, బూట్లు చూసుకుంటూ, పెదవి కొరుక్కుంటూ వస్తున్నాడు. పూలమడి దాటాడు. ఆయన నలభయ్యో అడుగు ఎప్పుడో దాటిపోయింది, ఆయనకి తెలియదు. గుర్రం వెనక ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పంపు దగ్గర కర్ర జారింది. బెంచీ వెనక నిలబడ్డ మావయ్య రెండు చేతులూ గాల్లోకి లేచాయి. మేష్టారు తమాయించుకున్నాడు. పంపు దాటి, వచ్చి, బెంచీ మీద కూలబడ్డాడు.

"ఒరేయ్, ఈ నలభై అడుగులూ రోజురోజుకీ మరీ సాగుతున్నాయిరా. ముసలితనం వచ్చేసింది నాకు."

"అంతే మరి," అన్నాడు మావయ్య. "వయసు ఎవర్ని వదిలింది?"

గుర్రం వెనక వాచ్‌మన్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. "సోమవారం సూపర్‌వైజరుకి ఏం చెప్పను బాబూ?"

"బెంచీకి కాళ్లున్నాయని చెప్పు," అన్నాడు మేనల్లుడు.

మేష్టారు కాసేపు కూర్చుని, డాక్టర్ని నాలుగు తిట్లు తిట్టి, అంత దూరమూ మళ్లీ నడిచి వెళ్లిపోయాడు. అప్పుడు వాడు గుర్రం చాటునుంచి ఇవతలికొచ్చాడు.

"నీకు మతిపోయిందేమోనని రాత్రంతా నిద్రపోలేదు మావయ్యా!"

"పోలేదు. డెబ్భై రెండు."

"ఆయనకి చెప్పేయొచ్చుగా, ఇంత దూరం నడుస్తున్నావని?"

"ఇప్పుడు చెబితే ఇక్కడే కూలబడి, రేపట్నుంచి గేటు కూడా దాటడు. నూట ఇరవై రానీ. వాళ్లింటి నుంచి వీధి చివర కాఫీ హోటలు నూట ఇరవై. అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెట్టి చెబుతా. కర్రతో కొడితే కొట్టించుకుంటా."

మేనల్లుడు సంచిలోంచి పుస్తకం ప్రూఫు తీశాడు. గుర్రం బొమ్మ పార్కు పేజీలో అంకె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"సాయంత్రానికి ఇది నింపాలి. డెబ్భై రెండు వేస్తే రేపు మేష్టారు చదువుతాడు. నలభై వేస్తే ప్రెస్సావిడ నన్ను మెట్లెక్కనివ్వదు. అదీకాక, నలభై అని నమ్మి వచ్చిన ఏ ముసలావిడో దారిలో కూలబడితే?"

మావయ్య బెంచీ కిందనుంచి మడత కుర్చీ ఒకటి బయటికి లాగాడు. కంగారుపడే మనిషి కదా, ఆ కంగారు ఎప్పుడో పడ్డాడు.

"నలభయ్యో అడుగు దగ్గర రోజూ నేనుంటాను. మేష్టారు లోపలికొస్తుంటే మడిచేస్తాను, మిగతా అందరికీ వేస్తాను."

"మరి ప్రెస్సావిడ?"

మావయ్య కుర్చీ విప్పి, మడిచి, మళ్లీ విప్పాడు. పచ్చికలో బెంచీ వదిలిన గుంటల వంక చూశాడు. చివరికి ప్రూఫు మీద వేలు పెట్టాడు.

"చివరి పేజీలో నా గురించి వేశావే, గుంజీళ్లు, ముప్ఫై రెండేళ్లు, అదంతా కొట్టెయ్యి. దాని బదులు ఈ పేజీ కింద వెయ్యి. 'ఇది మాత్రం మావయ్య లెక్క, పెద్దవాడైపోయాడు, తప్పుండొచ్చు' అని. ఆవిడ తిట్టదలుచుకుంటే నన్ను తిడుతుంది. పైన మాత్రం నలభై అనే రాయి, అల్లుడూ."